మ్యూజియం పెట్టెలో మన తోలుబొమ్మలు: మసి తుడవాలా, ఉంచాలా?

మర్రిమాను (అనంతపురం)

అందరికీ నమస్కారం. నేను ఒక పెద్ద మ్యూజియంలో కన్సర్వేషన్ (పాత వస్తువులు పాడవకుండా చూసే) విభాగంలో కాంట్రాక్టు మీద పని చేస్తున్నాను. మ్యూజియం పేరు రాయడానికి లేదు, ఒప్పందం అట్లా ఉంది. ప్రస్తుతం సెలవు మీద ఇంటికి, అనంతపురం వచ్చాను. నెలాఖరు దాకా ఇక్కడే ఉంటాను.

మా స్టోర్ రూములో ఒక ఇనుప పెట్టె నిండా తోలుబొమ్మలు ఉన్నాయి. రిజిస్టర్లో "తోలుబొమ్మలు, అనంతపురం జిల్లా" అని ఒక్క ముక్క ఉంది. ఎవరి దగ్గర తీసుకున్నారు, ఏ ఊరివి, ఏ కథలోవి, ఏమీ లేదు. కొన్ని నా భుజం దాకా వచ్చేంత పెద్దవి. పెద్ద సేకరణల్లో ఇది మామూలే. బ్రిటిష్ మ్యూజియంలో 80 లక్షల వస్తువులుంటే జనం చూసేది ఒక శాతం, అంటే 80 వేలు. మిగతావన్నీ అరల్లో ఎవరైనా వచ్చి తెరిచేదాకా ఉండాల్సిందే.

సమస్య ఏమిటంటే, చాలా బొమ్మలకు ఒకవైపు నల్లగా మసి పేరుకుంది. రెండో వైపు రంగులు బాగానే కనబడుతున్నాయి. మా సీనియర్లలో ఒకరు మసి తీసేస్తే గ్యాలరీలో పెట్టుకోవచ్చు అంటున్నారు, ఇంకొకరు దాని జోలికి పోవద్దు అంటున్నారు. ఇది కాక పాత కండిషన్ రిపోర్టులో "పురుగు తిన్న చిల్లులు" అని రాసి ఉంది. ఆ చిల్లులు చూస్తే నాకు పురుగు పని అనిపించడం లేదు. అన్నీ ఒకే సైజు, కిరీటాల దగ్గరే ఎక్కువ.

బొమ్మలాట తెలిసినవాళ్ళు, కెమిస్ట్రీ తెలిసినవాళ్ళు ఎవరైనా ఉంటే మాట్లాడండి.

కక్కలపల్లి_టమోటా (అనంతపురం)

తడిగుడ్డ పెట్టి తుడిస్తే పాయె కదక్కా. దీనికింత టెన్షన్ ఏందిబ్బా?

బురుజుకాడ (కర్నూలు)

తమ్ముడూ, ఆ తడిగుడ్డే కొంప ముంచేది. నేను కెమిస్ట్రీ లెక్చరర్‌గా రిటైరయ్యాను, కాబట్టి కాస్త క్లాసు పీకుతాను, ఓర్చుకోండి.

బొమ్మలకు వాడేది చెప్పుల తోలు లాగా ఊనిన, అంటే పదును చేసిన, తోలు కాదు. వెంట్రుకలు తీసి, గీకి, లాగి కట్టి ఆరబెట్టిన పచ్చి తోలు. అందుకే దీపం వెలుతురు దాంట్లోంచి దూరి వస్తుంది. ఊనిన తోలులో కొలాజెన్ (తోలులోని ప్రొటీన్) పోగుల మధ్య గట్టి బంధాలు పడతాయి, నీళ్ళకు, వేడికి ఓ మాదిరిగా తట్టుకుంటుంది. పచ్చి తోలుకు ఆ రక్షణ లేదు. తేమ తగిలితే ఉబ్బుతుంది, ఆరితే వంకర తిరుగుతుంది. డప్పు కొట్టేవాళ్ళు ఆటకు ముందు మంట దగ్గర తోలు కాచుకోవడం చూసే ఉంటారు, కారణం అదే.

ఇంకో సంగతి. కొత్త పచ్చి తోలు పోగును నీళ్ళలో వేసి వేడి చేస్తే సుమారు 60 డిగ్రీలు దాటినాక ముడుచుకుపోతుంది. పాతబడి చెడిన తోలు అయితే 40 డిగ్రీలకే, ఒక్కోసారి ఇంకా ముందే ముడుచుకుంటుంది. మైక్రోస్కోపు కింద రెండు మూడు పోగులు పెట్టి ఈ పరీక్ష చేస్తారు. మన అనంతపురం మే నెల ఎండను తలుచుకోండి. తడి బొమ్మను ఎండలో ఆరబెడితే ఇక అంతే సంగతులు.

మర్రిమాను అమ్మా, మసిని తీయాలా వద్దా అనే ముందు ఆ మసి రంగు మీద ఉందా, రంగులో కలిసిపోయిందా చూశారా? ఆముదం దీపం మసిలో నూనె కూడా ఉంటుంది. అది తోలులోకి ఇంకి ఉంటే మీరు తీసేది మసి ఒక్కటే కాదు.

ధర్మవరం_అంచు (నిమ్మలకుంట)

అక్కా, అవి పురుగు చిల్లులు కావు. ముల్లు చిల్లులు.

మాది నిమ్మలకుంట. ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా అంటున్నారు గానీ 2022 దాకా అనంతపురం జిల్లానే. మా ఇంట్లో తాతల నాటి నుంచి బొమ్మలాటే. నేను పట్టుచీరల షాపులో లెక్కలు రాస్తాను, కానీ చిన్నప్పుడు తెర వెనక కూర్చుని తాళాలు కొట్టినవాణ్ణే. దర్బారు సీను వచ్చిందనుకోండి, రాజు, మంత్రి, పక్కన ఇద్దరు ముగ్గురు ఊరికే నిలబడాలి. అందరినీ పట్టుకోవడానికి చేతులెక్కడివి? అందుకని కదలని బొమ్మను ఈత ముల్లుతో తెరకు గుచ్చేసేవాళ్ళు. కిరీటం పైన ఒకటి, భుజం పక్కన ఒకటి. ఒకే చోట గుచ్చితే తోలు చినిగిపోతుందని కొంచెం కొంచెం జరిపి గుచ్చేవాళ్ళు. మీ రిపోర్టు రాసిన ఆయన ఆట చూడలేదు, పాపం.

మసి సంగతి కూడా అదే. దీపాలు మా వైపు ఉంటాయి, తెర మీ వైపు. బొమ్మకు మా వైపున్న మొహమే నల్లబడుతుంది.

మర్రిమాను (అనంతపురం)

అన్నా, మీకు దండం పెడతాను. ఎవరికీ తట్టని మాట చెప్పారు.

పెద్దది చేసి తీసిన ఫోటోలు మళ్ళీ చూశాను. చిల్లు అంచు ఒకవైపు లోపలికి నొక్కుకుని, రెండోవైపు చిన్న పెదవిలా బయటికి లేచి ఉంది. అంటే ఏదో గుచ్చుకుని అవతలికి వెళ్ళింది. పురుగు అయితే, తోలు తినే డెర్మెస్టిడ్ పురుగుల సంగతి చెబుతున్నాను, ఉపరితలం గీకినట్టు తింటుంది. అంచు అడ్డదిడ్డంగా ఉంటుంది, పక్కన పొట్టు రాలి ఉంటుంది. మా పెట్టెలో అట్లాంటివి నాలుగైదు చోట్ల మాత్రమే ఉన్నాయి.

అంటే రెండు రకాల చిల్లులను రిపోర్టులో ఒకే గాటన కట్టేశారు. మామూలుగా అయితే "పురుగు చిల్లులు" అన్నీ పూడ్చేస్తారు. ముల్లు గుర్తులు కూడా పూడ్చేస్తే ఆ బొమ్మ దర్బారులో నిలబడేదా, యుద్ధంలో ఎగిరేదా అన్న ఆనవాలు పోయినట్టే.

బురుజుకాడ (కర్నూలు)

ధర్మవరం బాబూ, ఒక డౌటు. బొమ్మకు రెండు వైపులా రంగు వేస్తారు కదా, ఎటువైపైనా తిప్పి ఆడించడానికి. మరి కొన్నిటికి ఒకవైపే మసి ఎందుకుంటుంది?

ధర్మవరం_అంచు (నిమ్మలకుంట)

మంచి ప్రశ్న సార్. కొట్లాటలో ఉండే బొమ్మలు, హనుమంతుడు, రాక్షసులు, వీళ్ళను అటు ఇటు తిప్పుతూనే ఉంటారు. వాటికి రెండు వైపులా మసి ఉంటుంది. గుచ్చి నిలబెట్టేవాటికి అంత తిప్పుడు ఉండదు. జుట్టుపోలిగాడు, బంగారక్క అని ఆటలో నవ్వించే జంట ఉంటుంది. మా పెద్దాయనను అడిగాను, "జుట్టుపోలిగాడికి, బంగారక్కకు రెండు వైపులా సమానంగా నల్లబడుతుంది, వాళ్ళు ఒక్క చోట నిలబడే రకాలా" అని నవ్వుతున్నాడు. పెట్రోమాక్సు, ఆ తర్వాత కరెంటు బల్బు వచ్చినాక చేసిన బొమ్మలకు ఈ గొడవే లేదు.

దేవునికడప (కడప)

నేను తాళపత్రాల వైపు మనిషిని. ఇక్కడ కడపలో బ్రౌన్ గ్రంథాలయం ఉంది కదా, సి.పి. బ్రౌన్ 1820లో ఈ ఊరు వచ్చి బంగళా కొనుక్కుని పండితులతో ప్రతులు రాయించిన చోటు. అక్కడికి వచ్చేవాళ్ళు అడిగే ప్రశ్నల్లో ఒకటి, "ఈ ఆకులు ఇంత నల్లగా ఉన్నాయేంటి, కడగొచ్చు కదా?"

తాటాకు మీద గంటంతో గీస్తే అక్షరం కనబడదు. నూనెలో కలిపిన మసి పూసి తుడిస్తే గీతల్లో మసి నిలిచి అప్పుడు అక్షరం తేలుతుంది. ఆ మసి కడిగేస్తే గీత ఉంటుంది, చదవడానికి ప్రాణం పోతుంది. మళ్ళీ మసి పెట్టుకోవచ్చు, నిమ్మగడ్డి నూనె పూసి ఆకుకు మెత్తదనం తెప్పించొచ్చు, అదంతా చేస్తారు. కానీ అదీ అన్ని ఆకులకూ పనికిరాదు. సిరాతో బొమ్మలు వేసిన ఆకు మీద నూనె గుడ్డ పెడితే రంగు లేచిపోతుంది.

అందుకే మసి కనబడగానే మురికి అనుకోవద్దు అనేది నా మాట. అట్లాగని మసి అంతా పవిత్రం అని కూడా నేను అనను. వంటింటి పక్కన అటక మీద పడి ఉన్న కట్టలకు పట్టిన మసి ఉత్త మసే.

పెన్నేరు (తాడిపత్రి)

ఇంత జ్ఞానం మన ఊళ్ళల్లోనే ఉంటే బొమ్మలు ఆ మ్యూజియంలో ఎందుకు? తిరిగి ఇచ్చేయమనండి. అనంతపురంలో జిల్లా పురావస్తు మ్యూజియం ఉంది, కడపలో భగవాన్ మహావీర్ మ్యూజియం ఉంది. లేదంటే నిమ్మలకుంటకే ఇవ్వండి.

కక్కలపల్లి_టమోటా (అనంతపురం)

పెన్నేరు అన్నకు నా ఓటు.

ధర్మవరం_అంచు (నిమ్మలకుంట)

పెన్నేరు అన్నా, మీ అభిమానం సరే. కానీ నేను చెప్పేది వినండి.

మా తాత బొమ్మ పనికిరాకుండా పోతే ఇంట్లో పెట్టుకునేవాడు కాదు. పసుపు కుంకుమ పెట్టి ఏట్లో వదిలేసేవాడు. అంతకు ముందే దాన్ని పెట్టి గీసుకుని కొత్తది చేసేవాడు. మా ఇంట్లో అందుకే నూరేళ్ళ బొమ్మ ఒక్కటి లేదు. ఈ అక్క పెట్టెలో ఉంది. అది మ్యూజియం వాళ్ళు కొనకపోయుంటే ఎప్పుడో చిత్రావతిలో కలిసిపోయేది. ఇంకో మాట, అప్పట్లో దేవుళ్ళ బొమ్మలకు జింక తోలు, భీముడు, రావణుడు లాంటివాళ్ళకు దుప్పి తోలు, మిగతావాటికి మేక తోలు వాడేవాళ్ళట. 1972లో వన్యప్రాణి చట్టం వచ్చినాక జింక, దుప్పి మాట ఎత్తడానికి లేదు. మేమంతా మేక తోలే. పాత పని ఎట్లుండేదో చూడాలంటే మాకు కూడా మ్యూజియమే గతి.

నాకు కోపం వచ్చేది ఇంకో దగ్గర. వాళ్ళు కొన్నప్పుడు పేరు రాసుకోలేదు. చేసిన మనిషి పేరు, ఊరి పేరు, ఏదీ లేదు. మా ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది, ఇప్పుడు అందరికీ పేరు తెలుసు. అంతకు ముందు తరాల వాళ్ళ పనికి "తోలుబొమ్మ, ఒకటి" అని రాసుకున్నారు.

బురుజుకాడ (కర్నూలు)

ఇచ్చేయడం, ఉంచుకోవడం గొడవలోకి నేను పోను. కానీ ముట్టుకునే ముందు ఎంత చూడాలి అన్నదానికి ఒక ఉదాహరణ చెబుతాను.

ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియంలో రెంబ్రాంట్ 1642లో వేసిన 'నైట్ వాచ్' ఉంది. ఎత్తు 3.8 మీటర్లు, వెడల్పు 4.5 మీటర్లు. 2019 జూలైలో దాని చుట్టూ అద్దాల గది కట్టి, జనం చూస్తుండగానే పరీక్షలు మొదలుపెట్టారు. ఎక్స్-రే ఫ్లోరెసెన్స్ స్కానరుతో ఏ రంగులో ఏ లోహం ఉందో అంగుళం అంగుళం లెక్క తీశారు. 71,700 కోట్ల పిక్సెళ్ళ ఫోటో తీసి 2022లో అందరికీ పెట్టారు. పాత వార్నిష్ తీయడం ఎప్పుడు మొదలుపెట్టారో తెలుసా? 2024 నవంబరులో. వార్నిష్ మీద చేయి వేయడానికి ఐదేళ్ళు ఆగారు.

దీనికి అడ్డంగా మన పక్కనే ఇంకో కథ. అజంతా చిత్రాలు పెచ్చులు ఊడుతున్నాయని నిజాం ప్రభుత్వం 1920లో ఇటలీ నుంచి చెక్కోనీ, ఓర్సినీ అనే నిపుణులను పిలిపించింది. పెచ్చులు అతికించే పని వాళ్ళు బాగానే చేశారు. కానీ పైన షెల్లాక్, అంటే లక్కతో చేసిన వార్నిష్, పూశారు. అది ఏళ్ళ మీద పసుపు తిరిగి, దుమ్ము పట్టి బొమ్మలనే మసకబార్చింది. తర్వాత పురావస్తు శాఖ కెమిస్టులు దాన్ని దశాబ్దాల తరబడి ఇంచీ ఇంచీ తీస్తూ వచ్చారు. ఆ రోజుల్లో అదే మేలైన పద్ధతి, వాళ్ళను తిట్టి లాభం లేదు. కానీ తిరిగి తీయలేనిది పూయకూడదు అని ఇప్పుడు ఈ రంగంలో అంత గట్టిగా పట్టుబట్టేది ఇట్లాంటివి చూసే.

చిత్రావతి (పుట్టపర్తి)

నేను బీఎస్సీ సెకండియర్. మేడమ్, ఆ ఎక్స్-రే ఫ్లోరెసెన్స్ మీ బొమ్మలకు కూడా చేస్తారా? బొమ్మ దెబ్బ తినదా?

మర్రిమాను (అనంతపురం)

చేశాం చిత్రావతీ. చేతిలో పట్టుకునే యంత్రం ఉంటుంది, బొమ్మకు ఏమీ కాదు, ముక్క కోయక్కర్లేదు. ఎరుపులో పాదరసం కనబడితే ఇంగిలీకం, సీసం కనబడితే సిందూరం. పసుపులో ఆర్సెనిక్ వస్తే హరిదళం. నీలి దగ్గర మాత్రం యంత్రం చేతులెత్తేస్తుంది, నీలిమందులో లోహమేమీ ఉండదు కాబట్టి. దానికి ఇన్‌ఫ్రారెడ్ ఫోటో తీస్తాం, కృత్రిమ రంగుల్లోకి మార్చి చూస్తే నీలిమందు ఉన్నచోటు ఎర్రగా వస్తుంది.

కానీ ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఆర్సెనిక్ కనబడిందంటే అది హరిదళం రంగే కానక్కర్లేదు. పాతకాలంలో మ్యూజియాలు పురుగు పట్టకుండా తోళ్ళకు, ఈకలకు ఆర్సెనిక్ పొడులు, పాదరసం లవణాలు, తర్వాత డీడీటీ చల్లేవి. ప్రపంచమంతా ఇదే తంతు. పసుపు ఉన్నచోటే ఆర్సెనిక్ ఉంటే రంగు. బొమ్మ అంతటా ఉంటే మందు. మా వాటిలో రెండు బొమ్మలకు అంతటా వచ్చింది. అందుకే గ్లవుజులు లేకుండా ఎవరినీ ముట్టనివ్వం.

ఇప్పుడు పురుగుకు మందు చల్లం. ప్లాస్టిక్ సంచిలో గాలి చొరకుండా మూసి మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్లో వారం పైగా ఉంచుతాం, లేదా ఆక్సిజన్ తీసేసి నైట్రోజన్ నింపి మూడు వారాలు ఉంచుతాం. గుడ్లతో సహా చస్తాయి, బొమ్మ మీద ఏమీ మిగలదు.

ధర్మవరం_అంచు (నిమ్మలకుంట)

మందు సంగతి ముందే చెప్పినందుకు సంతోషం. మా పెద్దాయన బొమ్మ చేతికి రాగానే బుగ్గకు ఆనించి చూసే రకం.

ఆదివారం ఇంటికి రాండి అక్కా. ఫోటోలు తెస్తే ఆయన చూస్తాడు. ఫోను ఫోటోలు వద్దు, ఆయనకు కనబడదు.

మర్రిమాను (అనంతపురం)

నిన్న నిమ్మలకుంట వెళ్ళొచ్చాను. బొమ్మలు బయటికి తేవడానికి లేదు కాబట్టి అసలు సైజులో ప్రింట్లు తీయించుకుని పోయాను, కింద నుంచి లైటు వేసి తీసిన ఫోటోలు. బొమ్మను బల్ల మీద లైటు మీద పరిచి తీస్తే తోలు మందం, అతుకులు, నరాల గీతలు అన్నీ బయటపడతాయి. ఫ్లెక్సీ షాపులో కుర్రాడు ఎన్నికల బ్యానర్ల మధ్య రావణుణ్ణి ప్రింట్ తీస్తూ "ఏ పార్టీ అక్కా" అన్నాడు.

పెద్దాయన ప్రింట్లను నేల మీద పరిపించి, చుట్టూ తిరిగి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మా రిజిస్టర్లో "స్త్రీ బొమ్మ" అని ఉన్నదాన్ని చూపించి, "ఇది బంగారక్క" అన్నాడు. ఎట్లా చెప్పారంటే, "సీతకు నడుము దగ్గర అంత వదులు కీలు ఎందుకు పెడతాం? ఇది ఊగడానికి చేసిన బొమ్మ. నగల పని చూడు, అంతంత మాత్రం" అన్నాడు. మసి చూశాను, రెండు వైపులా సమానంగా ఉంది.

ఇంకోటి. ఒక రాజు బొమ్మ లైటు మీద చూస్తే తల పలచగా, పచ్చగా వెలుగుతుంది, మెడ కింద నుంచి తోలు మందంగా ఉంటుంది. వెంట్రుకల కుదుళ్ళ వరస కూడా రెండిట్లో వేరువేరు. తల ఒక జంతువుది, ఒళ్ళు ఇంకొకదానిది. మేము దీన్ని "పాడైన బొమ్మ, తప్పు మరమ్మతు" అని పక్కన పెట్టాం. పెద్దాయన మాట: "ఒళ్ళు చినిగితే తల పారేస్తామా? తలలోనే కదా పనితనం. ఇది మా వాళ్ళ అతుకే, కుట్టు చూడు, నరంతో కుట్టారు."

ఆ పక్కనే ఉన్న ఇంకో అతుకు చూపిస్తే మాత్రం మొహం చిట్లించాడు. అది సెల్లోటేపు. మ్యూజియంకు వచ్చినాక ఎవరో వేసింది. జిగురు కారి, తోలులోకి ఇంకి, చుట్టూ గోధుమ రంగు మరక పడింది. దాని పక్కన రిజిస్టర్ నెంబరు బొమ్మ మొహం మీదనే సిరాతో రాసి ఉంది. "మీ వాళ్ళు దేవుడి చెంప మీద లెక్క రాశారే" అన్నాడు. నేనేం చెప్పాలి?

దేవునికడప (కడప)

సెల్లోటేపు అనే మాట వింటేనే నాకు ఒళ్ళు మండుతుంది. పుస్తకాలకు కూడా ఇదే శని. ఊడదీస్తే పై పొర వస్తుంది, ఉంచితే మరక లోపలికి పోతుంది.

బురుజుకాడ (కర్నూలు)

దాన్ని వేడి గాలితో లేపాలని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. పైన చెప్పాను కదా, ఈ తోలు ఎన్ని డిగ్రీలకు ముడుచుకుంటుందో ముందు చూసుకోవాలి. ద్రావకాన్ని జెల్‌లో పెట్టి కొంచెం కొంచెంగా జిగురును మెత్తబరచడం నయం. ముందు ఆ రంగు ఆ ద్రావకానికి కదులుతుందా అని గుండుసూది మొన అంత చోట చూసి.

2009 అక్టోబరు వరదలో తుంగభద్ర, హంద్రీ నీళ్ళు కర్నూల్లోకి వచ్చినప్పుడు తడిసిన పుస్తకాలు ఎంతమంది ఎండలో వేశారో నేను కళ్ళారా చూశాను. నున్నటి కాగితం పుస్తకాలు అట్టముక్కల్లా గట్టిపడిపోయాయి. తడిసిన కాగితానికి రెండు రోజుల్లో బూజు పడుతుంది, ఆలోగా ఆరబెట్టలేకపోతే ఫ్రీజర్లో పెట్టి టైము సంపాదించుకోవాలి. ఆ ముక్క అప్పుడు ఊళ్ళో ఎందరికి తెలుసు?

పెన్నేరు (తాడిపత్రి)

నా మాట వెనక్కి తీసుకోవడం లేదు గానీ, ఒక సంగతి అడుగుతాను. ఊళ్ళో వాళ్ళు వేసిన అతుకును ఉంచి, మ్యూజియం వాళ్ళు వేసిన అతుకును తీయడం ఎట్లా న్యాయం? రెండూ మరమ్మతులే కదా. రేపు ఇంకో వందేళ్ళకు సెల్లోటేపు కూడా చరిత్రే అంటారేమో.

మర్రిమాను (అనంతపురం)

పెన్నేరు అన్నా, ఇది మా ఆఫీసులో కూడా రోజూ నలిగే ప్రశ్నే. సెల్లోటేపు బొమ్మను ఇంకా పాడు చేస్తూనే ఉంది, అందుకు తీస్తాం. నరం కుట్టు ఏమీ పాడు చేయడం లేదు, పైగా ఆ బొమ్మ దాంతోనే ఆడింది. సెల్లోటేపు తీసే ముందు ఫోటో తీసి, ఎక్కడ ఎంత ఉందో రాసి పెడతాం, కాబట్టి అది కూడా రికార్డులో ఉంటుంది. మొహం మీది సిరా నెంబరు మాత్రం ఇంకా తేలలేదు. ఆ నెంబరు తప్ప పాత రిజిస్టర్‌తో బొమ్మను కలిపే ఆధారం వేరే లేదు. కొత్త నెంబరు మెత్తటి దారానికి కట్టిన ట్యాగు మీద రాశాక దాని సంగతి చూస్తారు.

ఇంకోటి చెప్పడం మరిచాను. కొన్ని బొమ్మల వెనక పక్క బొమ్మ రంగు అద్దుకుని ఉంది, అద్దంలో చూసినట్టు తిరగేసి. ఏ బొమ్మ మీద ఏది పెట్టేవాళ్ళో దాన్ని బట్టి కొంత తెలుస్తుంది. పెద్దాయనను అడిగితే, వాళ్ళింట్లో రాముడి మీద రావణుణ్ణి ఎప్పుడూ పెట్టరట, వేరే వేరే కట్టలట. మా పెట్టెలో ఎర్రరంగు అద్దుకున్న తీరు చూస్తే రాక్షసులు రాక్షసులతోనే ఉన్నట్టున్నారు. మ్యూజియంకు వచ్చినాకే అందరినీ సైజును బట్టి కలిపేశారు.

కక్కలపల్లి_టమోటా (అనంతపురం)

అక్కా, తడిగుడ్డ అన్నది నేనే గానీ ఇప్పుడు ఒక సీరియస్ ప్రశ్న. ఇవి గ్యాలరీలో పెడితే వెనక లైటు వేస్తారా? లైటు లేకపోతే తోలుబొమ్మకు అందం ఏముంది?

మర్రిమాను (అనంతపురం)

అసలు పీటముడి అదే తమ్ముడూ. ఇట్లాంటి రంగులకు 50 లక్స్ దాటకూడదు అంటారు, అంటే బాగా మసక వెలుతురు. వెలుతురు చేసే నష్టం కూడుకుంటూ పోతుంది, రాత్రి లైటు తీసేస్తే పోయిన రంగు తిరిగి రాదు. వెనక లైటు వేస్తే బొమ్మ బతికినట్టే ఉంటుంది, రంగు త్వరగా చస్తుంది. మా ఆలోచన ఏమంటే, ఎవరైనా బటన్ నొక్కినప్పుడు మాత్రం కొన్ని సెకన్లు వెనక ఎల్ఈడీ వెలగాలి. బొమ్మలను కొన్ని నెలలకోసారి మార్చాలి. ఆడించి చూపించడానికి కొత్త బొమ్మలు నిమ్మలకుంటలో చేయించాలి. చివరిది పెద్దాయన మాట. "పాతదాన్ని పడుకోనీండి, ఆటకు కొత్తది చేసిస్తాం" అన్నాడు. ధర కూడా అప్పుడే చెప్పేశాడు.

చిత్రావతి (పుట్టపర్తి)

మేడమ్, ఈ పనిలోకి రావాలంటే ఏం చదవాలి? మా ఇంట్లో మ్యూజియం ఉద్యోగం అంటే టికెట్లు చింపే పని అనుకుంటున్నారు.

బురుజుకాడ (కర్నూలు)

కెమిస్ట్రీ వదలొద్దమ్మా. మద్రాసు ఎగ్మూరు మ్యూజియంలో 1930లలోనే పరమశివన్ అనే కెమిస్టు కంచు విగ్రహాలకు పట్టిన తుప్పును కరెంటుతో వదిలించే పద్ధతి నడిపాడు. మన దేశంలో మ్యూజియంలో కెమిస్టుకు బల్ల వేసిన తొలి చోట్లలో అదొకటి. ఇప్పుడైతే లక్నోలో ఎన్ఆర్ఎల్‌సీ అని 1976 నుంచి కేంద్ర ప్రభుత్వ పరిశోధనశాల ఉంది, శిక్షణ ఇస్తారు. ఢిల్లీ పక్కన నోయిడాలో ఎంఏ కోర్సు ఉంది. టికెట్లు చింపేవాళ్ళకు పర్మనెంట్ ఉద్యోగం, కన్సర్వేటర్లకు కాంట్రాక్టు అన్నది మాత్రం మీ ఇంట్లో చెప్పకండి.

మర్రిమాను (అనంతపురం)

సార్, గాయం మీద కారం చల్లారు.

మీ అందరి మాటలు కలిపి నోట్ రాసి పైకి పంపాను. ఇప్పటికి ఒప్పుకున్నది ఇది: దీపం వైపు మసి ముట్టరు. పైన వదులుగా ఉన్న దుమ్ము మెత్తటి బ్రష్షుతో తీస్తారు, తడి అసలు తగలనివ్వరు. ముల్లు చిల్లులు పూడ్చరు. పాత రిపోర్టు కొట్టేయకుండా దాని పక్కనే కొత్త నోట్ పెడతారు. సెల్లోటేపు తీయడం ఒక్క బొమ్మతో మొదలు. రెండు వైపులా మసి ఉన్న ఒక బొమ్మకు కాలి దగ్గర ఒక మూల తీసి చూద్దామని ఒక సీనియర్ ఇంకా పట్టుబడుతున్నారు. ఆయన వాదనలో కూడా పస లేకపోలేదు, మసి కింద పాత రంగు వేరేది ఉందేమో తెలియాలి కదా అంటున్నారు. నేను ఇన్‌ఫ్రారెడ్‌లో ముందు చూద్దామన్నాను. మసి మరీ మందంగా లేకపోతే కింది గీతలు దానిలోనే కనబడొచ్చు.

పేర్ల సంగతి కూడా రాశాను. బంగారక్కను గుర్తుపట్టింది ఎవరో, ఏ ఊరో రిజిస్టర్లో ఎక్కించాలని అడిగాను. పెద్దాయన ఒప్పుకుంటేనే.

ధర్మవరం_అంచు (నిమ్మలకుంట)

ఒప్పుకున్నాడు. ఇంటి పేరుతో సహా పూర్తిగా రాయమన్నాడు, స్పెల్లింగు నేను పంపుతాను.

ఇంకో పని అక్కా. ఆ ప్రింట్లు ఇంకో సెట్టు కావాలి. ఆ రాజు కిరీటం మీద ఉలి పని ఇప్పుడు మాలో ఎవరికీ రాదు, చిల్లుల వరస చూసి నేర్చుకోవాలి అంటున్నాడు. అసలు సైజులోనే తీయించండి, చిన్నది చేస్తే కొలతలు అందవు. ఫ్లెక్సీ మీద వద్దు, కాగితం మీద. ఖర్చు మేము పెట్టుకుంటాం.

కక్కలపల్లి_టమోటా (అనంతపురం)

కాగితం ప్రింటు అయితే సాయినగర్లో మా ఫ్రెండు షాపు ఉంది, పెద్ద సైజు మెషిన్ ఉంది. కొలతలు పంపండి, రేటు మాట్లాడతాను.